రాత్రి కూడా చల్లబడని ఊళ్లు

నేను ఏఎన్ఎంగా చేరిన కొత్తలో ఎండదెబ్బకు మా వైపు ఊళ్లలో ఉన్న మందు ఉల్లిగడ్డ. రుమాల్లో ఒకటి కట్టుకొని, పొద్దున్నే గంజి తాగి పనికి పోయేవాళ్లు. మేమూ కాదనేవాళ్లం కాదు, ఎందుకంటే మా దగ్గర అంతకంటే గొప్ప మందు ఏమీ లేదు. ఎండాకాలం అంటే ఓర్చుకోవలసిన కాలం. వానాకాలంలో మలేరియా వస్తుంది, మా అసలు ఉద్యోగం అప్పుడు మొదలవుతుంది అనుకునేవాళ్లం.

దిగిపోయే నాటికి అది తలకిందులైంది. చర్లలో మొదలై, మధ్యలో రెండు మూడు చోట్లు తిరిగి, తల్లాడ వైపు హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైర్ అయ్యేసరికి నేను వానాకాలం కంటే ఎండాకాలానికి ఎక్కువ భయపడేదాన్ని. కొత్తగా చేరుతున్న అమ్మాయిలకు ట్యాబ్‌లో ఎంట్రీలు ఎలా చేయాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రమోషన్ల సంగతి చెప్పేవాళ్లూ ఉన్నారు. నేను వాటి జోలికి పోను. ఎండ గురించి రాస్తాను. మీ ఉద్యోగమంతా అది మీ వెంటే ఉంటుంది.

చర్ల

మాది తల్లాడ అవతల ఒక తండా. అందులోంచి ఉద్యోగానికి పోయిన మొదటి ఆడదాన్ని నేనే. చర్లలో పోస్టింగ్ అనగానే మా యాడీ, అంటే అమ్మ, ఏడ్చింది. అడవి, పోలీసు క్యాంపులు, బస్సు ఆగిపోయిన చోటి నుంచి నడక. వెళ్లాక తెలిసింది, భయపడవలసింది వాటికి కాదని. జ్వరంతో ఉన్న పిల్లను గూడెం నుంచి రోడ్డు దాకా మోసుకొచ్చేలోపు ఏమవుతుందో అన్నదే అక్కడి అసలు భయం.

ఆ రోజుల్లో ఎండలు తక్కువేమీ కావు. భద్రాచలం, కొత్తగూడెం వైపు ఎండ అంటే ఎప్పుడూ పేరు పడ్డదే. కానీ పగలు ఎంత కాసినా రాత్రికి అడవి మీది నుంచి చల్లగాలి దిగేది. తెల్లవారుజామున కప్పుకోవడానికి ఏదో ఒకటి కావలసి వచ్చేది. మనుషులు రాత్రి కోలుకొని మళ్లీ పనికి పోయేవాళ్లు.

తర్వాతి కాలంలో గూడెం ఆడవాళ్లు నాతో ఒకే మాట అనడం మొదలుపెట్టారు. రాత్రి నేల వేడి పోవడం లేదని, పిల్లలు పడుకోవడం లేదని, ఇప్పపువ్వు ఒక ఏడు అకాల వానకు నల్లబడితే ఇంకో ఏడు ఎండకు చెట్టు మీదే మాడుతోందని. ముసలివాళ్లయితే ఇంకా ఎక్కువ చెప్పేవాళ్లు. "మా కాలంల" అని మొదలుపెట్టని ముసలివాళ్లు ఎక్కడుంటారు గనుక? విని తలూపి, రక్తం చుక్క స్లైడ్ మీద తీసుకొని వచ్చేదాన్ని. వాళ్లు చెప్పింది ఎంత ముఖ్యమైన సంగతో నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, చర్లలో కాదు, మా తల్లాడ వైపు ఒక మిరప తోటలో.

రంగారావు గారి తోట

మిరపకాయ ఏరే కాలంలో చర్ల వైపు నుంచి, అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీల ముఠాలు మా వైపు దిగుతాయి. తోట పక్కనే నాలుగు కర్రలు పాతి, పైన నీలం రంగు టార్పాలిన్ పట్టా కప్పుకొని, కోత అయ్యేదాకా అక్కడే ఉంటారు. రంగారావు గారి తోటకు వచ్చే ముఠాకు పెద్ద సమ్మక్క. కోయ మనిషి. చర్లలో ఆమె మొదటి కాన్పు నా చేతుల మీదే అయింది గనుక, ఎక్కడ కనిపించినా "అక్కా" అని చేతులు పట్టుకునేది. ఆ ఏడు చెల్లెలు నాగమ్మను కూడా వెంట తెచ్చుకుంది. పెళ్లయి ఎక్కువ కాలం కాలేదు. గట్టిగా నవ్వే మనిషి.

రంగారావు గారి తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. ఆయన చెడ్డవాడని నేను రాయను. తోట దగ్గర డ్రమ్ముల్లో నీళ్లు పోయించేవాడు, మధ్యాహ్నం మజ్జిగ పంపేవాడు. కానీ ఆ ఏడు ఆయనకు కంటి మీద కునుకు లేదు. ముందటేడు కల్లంలో ఆరబోసిన కాయ అకాల వానకు తడిసి బూజు పట్టింది. ఈసారి మళ్లీ వాన అంటున్నారు, అది వచ్చేలోపు కాయ ఏరడం అయిపోవాలి. ముఠాకు కూలీ ఏరిన కాయ తూకం మీద. అందుకని వాళ్లు కూడా ఆగలేదు. రెండు వైపులా తొందరే.

అప్పటికి వరుసగా కొన్ని రోజులుగా రాత్రిళ్లు గాలి ఆడడం లేదు. మధ్యాహ్నం ఆశా కార్యకర్త నాకు ఫోన్ చేసి, మిరప తోటలో ఒక మనిషికి ఫిట్స్ వచ్చాయని చెప్పింది. నేను వెళ్లేసరికి నాగమ్మ పట్టా కింద పడుకొని ఉంది. మీద రగ్గు కప్పారు. ఊరి ఆర్ఎంపీ వచ్చి జ్వరానికి సూది వేసి, వణుకుతోందని రగ్గు కప్పమని చెప్పి పోయాడు. చెయ్యి పెడితే కాలింది. ఒంటి మీద చెమట చుక్క లేదు. పిలిస్తే పలకలేదు.

"ఎప్పటి నుంచి ఇట్లుంది?" అని సమ్మక్కను అడిగాను.

"పొద్దున తల నొస్తుందన్నది అక్కా. ఎండల ఏరకు, నీడకు పోయి పండుకో అన్న. గప్పటి సంది గీడనే పండుకుంది. నీడలనే ఉంది."

ఆ నీడలో నేను నిలబడలేకపోయాను. పట్టా కింద గాలి బయటి గాలి కంటే వేడిగా ఉంది. రగ్గు తీసేసి, డ్రమ్ములో నీళ్లు ముంచి పోశాం. ఆ నీళ్లు కూడా వేడిగానే ఉన్నాయి. మోటారు వేసి బోరు నీళ్లు పట్టిద్దామంటే కరెంటు లేదు. రంగారావు గారు బండి మీద పోయి, ఊళ్లో సోడా కొట్టు నుంచి ఐసు గడ్డలు గోనెసంచిలో తెచ్చాడు. చంకల్లో, మెడ పక్కల పెట్టాం. అంబులెన్స్ వచ్చింది. వైరా దాటకముందే నాగమ్మ ప్రాణం పోయింది.

రంగారావు గారు ఖమ్మం ఆసుపత్రి దాకా వచ్చాడు. బయట అరుగు మీద కూర్చొని అదే మాట అంటూ ఉన్నాడు. "నీళ్లు పంపానమ్మా. మజ్జిగ పంపాను. ఎండలో ఉండొద్దనే చెప్పాను. ఇంకేం చేయాలో నాకు తెలియలేదమ్మా."

అది నిజం. ఆ రోజు దాకా మాలో ఎవరికీ తెలియలేదు. ఎండదెబ్బ అంటే ఎండలో నిలబడ్డవాడికి తగిలేది అనుకున్నాం. ఒళ్లు రోజుల తరబడి వేడిని దాచుకొని, చల్లబడేందుకు రాత్రి దొరకక, నీడలోనే మనిషి ప్రాణం పోతుందని మాకు ఎవరూ నేర్పలేదు.

జ్వరం అన్నారు

మా డాక్టర్ గారు చురుకైన మనిషి. కాన్పుల్లో ఆయన చెయ్యి మంచిది. ఆయన దగ్గర పని చేసినందుకు నాకు గర్వమే. కానీ ఆ రోజు ఆయన చేసింది తప్పని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

"సార్, ఇది ఎండదెబ్బ," అన్నాను.

"ఎండలో లేదు కదా శారదా. నీడలో పడుకున్న మనిషికి ఎండదెబ్బ అని చెబితే పైవాళ్లు నన్ను నిలదీస్తారు."

"చెమట లేదు సార్. ఒళ్లు కాలిపోతోంది."

"జ్వరానికీ కాలుతుంది. ఏజెన్సీ అడవుల నుంచి వచ్చిన మనిషి, మలేరియానే కావచ్చు. జ్వరం అని రిపోర్ట్ పంపు."

జ్వరం అని పంపితే ఏమవుతుంది? తర్వాతి వారం మలేరియా టీమ్ దిగింది. నాగమ్మ చనిపోయిన పట్టా కింద, చుట్టుపక్కల పాకల్లో దోమల మందు కొట్టారు. సమ్మక్క ఇంకా కోత ముగించుకొని ఇంటికి పోలేదు. మందు కొడుతుంటే గట్టు మీద నిలబడి చూస్తోంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"నా చెల్లె దోమ కుట్టి సచ్చిందా అక్కా?"

"కాదు."

"మరి గీ మందెందుకు కొడుతుండ్రు?"

ఆ కాలంలోనే పక్క మండలంలో ఇటుక బట్టీలో ఒకరు, రోడ్డు పనిలో ఒకరు పోయారు. ఒకరిది గుండెపోటు అన్నారు, ఇంకొకరిది తాగుడు అన్నారు. కొత్తగా వచ్చే పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇది. చావుకు సరైన పేరు పెట్టకపోతే తప్పుడు మందు కొడతారు. మీ మాట చెల్లకపోవచ్చు. అయినా మీటింగులో అందరి ముందు పైకి అనండి.

పట్టా మీద పట్టా

ఆ తర్వాత ఖమ్మంలో మాకు వాతావరణ మార్పు మీద ట్రైనింగ్ పెట్టారు. తెర మీద మంచు కరిగిపోతుంటే ఒక తెల్ల ఎలుగుబంటి దిక్కు తోచక నిలబడి ఉన్న బొమ్మ చూపించారు. మాకు ఎలుగు అంటే ఇప్పచెట్టు కింద ఎదురయ్యే నల్లది. సగం మంది ఫోన్లు చూసుకున్నారు. టీ టైమ్‌లో నేను ఆ పాఠం చెప్పిన మేడమ్ దగ్గరకు పోయి నాగమ్మ సంగతి చెప్పాను. ఆమె టీ పక్కన పెట్టి విన్నది. తర్వాత ఎలుగుబంటిని వదిలేసి మామూలుగా చెప్పింది.

పగలు భూమి మీద పడ్డ వేడి రాత్రి పైకి పోవాలి. బొగ్గు, పెట్రోలు, డీజిల్ కాలిస్తే వచ్చే వాయువు కంటికి కనబడదు, ఒకసారి పైకి పోయిందంటే తరాల తరబడి అక్కడే ఉంటుంది. అది ఆ వేడిని పోనివ్వదు. నూరేళ్లకు పైగా మనుషులు కాలుస్తూ వస్తున్నారు, అడవులు కొడుతూ వస్తున్నారు, అందుకని ఏటేటా ఆ కప్పు మందమవుతోంది. ఎండలు ఎప్పుడూ ఉన్నాయి. కొత్తగా వచ్చింది ఈ కప్పు. గాలి వేడెక్కితే నీటి ఆవిరిని ఎక్కువ పట్టుకుంటుంది, అందుకే వాన పడ్డప్పుడు ఒక్కసారే కుమ్మరిస్తుంది. రంగారావు గారి కల్లం తడవడానికీ, నాగమ్మ చల్లబడకపోవడానికీ వెనకాల కారణం ఒకటే.

నాకు ఆ నీలం పట్టా కళ్ల ముందుకొచ్చింది. తర్వాత ఊళ్లలో నేను అదే చెప్పేదాన్ని: మనమంతా పట్టా కింద ఉన్నాం, దాని మీద ఏటా ఇంకో పట్టా కప్పుతున్నారు.

ఇంట్లో ఆ మాట చెల్లలేదు. మా తమ్ముడు రవి సత్తుపల్లి వైపు బొగ్గు ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు. మా తండాలో నలుగురి పిల్లలు చదువుకున్నారంటే ఆ బొగ్గు పెట్టిన తిండితోనే.

"బొగ్గు తప్పంటవ్. గా బొగ్గు లేకుంటే నీ దవాఖానల ఫ్యాను తిర్గుతదా?" అన్నాడు.

"తిరగదు. కానీ బొగ్గు వల్లనే ఫ్యాను కింద కూడా మనుషులు పోతున్నరు."

"నేనేం చెయ్యాలె మరి? డంపర్ దిగి ఇంట్ల కూసోవాల్నా? గుంత అడుగున ఎట్లుంటదో ఎరికేనా నీకు? క్యాబిన్ల ఏసీ పని చేస్తలేదని నెల సంది అడుగుతున్నం."

వాడిది తప్పని నేను అనలేను. వాడు ఎండలో ఉడుకుతూ ఆ ఎండనే తవ్వి పోస్తున్నాడు. ఇంకో పని చూపించకుండా ఆ పని మానమని చెప్పే హక్కు నాకు లేదు. కానీ ఆ పని ఇలాగే సాగాలని అనే హక్కు కూడా ఎవరికీ లేదు. ఈ గొడవ మా ఇంట్లో ఇంకా తెగలేదు.

సమ్మక్కకు చెప్పినప్పుడు ఆమె వేరే మాట అడిగింది. "మా గూడెంకు కరెంటొచ్చి ఎన్నేండ్లాయె? మేమేం కాల్చినం అక్కా? అడవిల పోడు కొట్టుకున్నం, గంతే. గా పోడుకే జైలుకు తోల్కపోయిండ్రు."

అందరికంటే తక్కువ కాల్చినవాళ్లు ముందు పోతున్నారు. పుస్తకాల్లో దీనికి పెద్ద పెద్ద మాటలున్నాయి. చెల్లెల్ని పోగొట్టుకొని అడిగిన మనిషికి అవి పనికిరావు.

మరుసటి ఏడు

మరుసటి ఏడు రంగారావు గారి తోటకు ముఠాలు రాలేదు. మనిషి చచ్చిన తోట అని పేరు పడింది. ఆయనే నా దగ్గరకు వచ్చాడు. "సమ్మక్కతో మాట్లాడమ్మా. ఏం చేయమంటే అది చేస్తాను."

నేను ఇద్దరినీ పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టాను. ఇంకో నలుగురు రైతులు కూడా వచ్చారు. ఎండ ముదరకముందే పని మొదలుపెట్టి, పది గంటలకు ఆపి, సాయంత్రం మళ్లీ పనికి దిగాలని నేనన్నాను.

రంగారావు గారు తల అడ్డంగా ఊపాడు. "పొద్దున్నే కాయ మీద మంచు ఉంటుందమ్మా. తడి కాయ ఏరితే మచ్చ పడుతుంది."

"మాఘం పోయినంక మంచేడిది?" అన్నది సమ్మక్క. తర్వాత నా వైపు తిరిగింది. "కానీ తూకం కూలీ అయితే మావోళ్లు ఆగరక్కా. నేను చెప్పినా ఆగరు. పక్కామె ఏరుతుంటే చేతులు కట్టుకోని ఎవలు కూసుంటరు?"

అసలు ముడి అక్కడ ఉంది. ఎండ ఎక్కువగా ఉన్న నెలల్లో తూకం లెక్క వదిలి రోజు కూలీ ఇవ్వాలన్న మాట మీద చాలాసేపు నడిచింది. ఇద్దరు రైతులు లేచిపోయారు. రంగారావు గారు, మిగిలిన ఇద్దరూ ఒప్పుకున్నారు. పట్టాల బదులు తాటాకు కప్పిన పందిళ్లు, పక్కలు తెరిచి, గాలి ఆడేలా వేయించారు. నీళ్ల డ్రమ్ములు పందిరి నీడకు మార్చారు. ఆడవాళ్లు జోడీలుగా పని చేసేలా, ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచేలా సమ్మక్క చూసుకుంది. నేను నేర్పింది ఒక్కటే. మనిషి పడిపోతే ముందు చల్లబరచండి, తర్వాత తీసుకుపోండి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఒంటి మీద పోయండి. విసరండి. జ్వరం గోలీ ఈ వేడిని దించదు.

ఆ ఏడు లేచిపోయిన రైతుల్లో ఒకరి తోటలో ఒకామె పడిపోయింది. పక్క తోటలోంచి సమ్మక్క మనుషులు పరిగెత్తి, ఆమెను పందిరి కిందకు లాగి, అంబులెన్స్ వచ్చేదాకా తడిపి విసురుతూ ఉన్నారు. ఆమె బతికింది. నా ఉద్యోగంలో నేను చెయ్యి పెట్టకుండా బతికిన మనిషి ఆమె. మనం లేనప్పుడు కూడా జరిగే పనే అసలు పని.

అక్కడితో కథ సుఖంగా ముగిసిందని రాయలేను. తర్వాతి ఏళ్లలో ఎండ ముందుకు జరిగింది. పది గంటలకు ఆపుదామన్న పని తొమ్మిదికి ఆపవలసి వచ్చింది, తర్వాత ఇంకా ముందుకు. రంగారావు గారు తోట సగం తగ్గించి, మిగతా చోట ఆయిల్‌పామ్ పెట్టాడు. దానికి కూలీలతో అంత పని లేదు. సమ్మక్క ముఠాకు ఇక్కడ ఎండలో చావడం తప్పింది, పని కూడా తప్పింది.

కిందటి ఎండాకాలం

రిటైర్ అయ్యాక కిందటి ఎండాకాలం సమ్మక్క ఫోన్ చేసింది. గూడెంలో వాళ్ల మేనత్త పోయింది. నేను బయలుదేరి చర్ల పోయాను. రోడ్డు కొంత మెరుగైంది, చెట్లు తగ్గాయి.

"తునికాకు కొయ్యనీకి పోలే అక్కా. ఏ పనికీ పోలే," అన్నది సమ్మక్క. "ఇంట్లనే పండుకుంది. తెల్లారి లేపితే లేవలే."

సర్కారు కొత్తగా కట్టి ఇచ్చిన ఇల్లు. పైన రేకులు. పగలంతా కాగిన రేకు రాత్రంతా కింద మనిషిని కాల్చింది. పాత ఇంటికి గడ్డి కప్పు ఉండేది. పక్కా ఇల్లు కావాలని వాళ్లే అడిగారు, అది న్యాయమైన కోరికే. రేకు కింద పడుకోవలసి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

దినం అయ్యాక గూడెం ఆడవాళ్లు కూర్చున్నారు. స్కూలు బిల్డింగు పాతది, మందమైన గోడలు, పెంకుల కప్పు. ఎండాకాలం సెలవుల్లో తాళం వేసి ఉంటుంది. సమ్మక్క మరో ఇద్దరిని తీసుకొని హెడ్మాస్టర్ దగ్గరకు పోయింది. ఆయన పైవాళ్లను అడగాలన్నాడు. "అడుగుండ్రి సారూ. మీరు అడిగేదాకా మేము వరండల కూసుంటం," అన్నది. సాయంత్రానికి తలుపు తీశారు. ముసలివాళ్లు, బాలింతలు, పసిపిల్లలు మధ్యాహ్నం పూట అక్కడ ఉండాలని అనుకున్నారు. రేకుల మీద గడ్డి, ఈతాకు కప్పుకోవడం మొదలుపెట్టారు. దీనితో పైనున్న కప్పు పలచబడదు. బొగ్గు కాల్చేది ఎక్కడో, దాన్ని ఆపే నిర్ణయం జరిగేది ఇంకెక్కడో. దాని కోసం అడుగుతూనే ఉండాలి, ఓటు అడగడానికి వచ్చిన ప్రతివాణ్ణీ అడగాలి. కానీ ఆ నిర్ణయం వచ్చేదాకా గూడెం మనుషులు బతికి ఉండాలి కదా.

మర్నాడు మధ్యాహ్నం స్కూల్లో మనుషులు చేరారు. సమ్మక్క గది అంతా చూసి, "ముత్తవ్వ రాలే," అని బయటికి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను. ముత్తవ్వ ఒంటరిగా ఉండే ముసలామె, ఊరి చివర రేకుల ఇల్లు. తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

"అవ్వా," అని సమ్మక్క పిలిచింది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. భుజంతో తలుపు నెట్టబోతుంటే లోపల మంచం కిర్రుమంది.

"ఎవలది? తలుపు ఇరగ్గొడతవా?"

"బడికి రా అవ్వా. చల్లగుంది ఆడ."

"చదువుకోనీకా? నేను రాను. నా ఇల్లిడిచి నేనేడికి పోను."

గడియ మాత్రం తీసింది. లోపలి వేడి మా ముఖాలకు కొట్టింది. సమ్మక్క ఇక బతిమాలలేదు. ఇంకో ఇద్దరిని కేకేసింది. తలా ఒకటి చొప్పున మంచం నాలుగు కోళ్లూ పట్టుకొని, ముత్తవ్వను మంచంతో సహా ఎత్తాం. నా వయసుకు అది చేయకూడని పని. దారి పొడుగునా ముసలామె మమ్మల్ని తిట్టింది, కోయలో కొన్ని, తెలుగులో కొన్ని. సమ్మక్క మొగుణ్ణి, నా ఉద్యోగాన్ని, స్కూలు కట్టినవాణ్ణి, ఎవరినీ వదల్లేదు.

ఎండదెబ్బ లోపలికి దిగిన మనిషికి మొదట మాట తడబడుతుంది. నేను నడుస్తూ ఆ తిట్లు ఒక్కొక్కటీ జాగ్రత్తగా విన్నాను. ఒక్క మాట కూడా తడబడలేదు.